గేజ్ కంటే ముందు థర్మామీటరు

శివరాత్రి దాటి ఎండ చురుక్కుమనగానే తెలుగు ఊళ్ళలో ఏసీ మెకానిక్‌ల ఫోన్లు మోగడం మొదలవుతుంది. ఎక్కువగా వినిపించేది ఒకటే మాట: "చల్లదనం రావట్లేదు, గ్యాస్ అయిపోయినట్టుంది, వచ్చి కాస్త నింపండి." ఇంటాయన రోగమేదో ముందే తేల్చేశాడు కాబట్టి మెకానిక్ కూడా గేజ్, సిలిండర్ బండి మీద పెట్టుకుని బయల్దేరతాడు. ఇల్లు చేరగానే చెయ్యి గేజ్ మీదికే పోతుంది. ఆ చేతిని కాసేపు ఆపడం కోసమే ఈ అధ్యాయం. సీజన్ సర్వీసులో గేజ్ తగిలించడం అన్నిటికన్నా చివర చేయాల్సిన పని. చాలా ఇళ్ళలో ఆ అవసరమే రాదు. ఎందుకో తెలియాలంటే ఈ యంత్రం వేడిని ఎలా మోస్తుందో ముందు చూడాలి.

ఏసీ గదిలోని వేడిని ఎత్తుకెళ్ళి బయట పారబోస్తుంది. మోసే కూలీ గ్యాస్. ఇప్పుడు కొత్త ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 మామూలు వాతావరణ పీడనం దగ్గర మైనస్ 52 డిగ్రీలకే మరిగిపోతుంది. ఇండోర్ కాయిల్‌లో దాని పీడనం సుమారు 145 పీఎస్ఐ ఉంటే 10 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మరగడానికి కావలసిన వేడిని గది గాలిలోంచి లాక్కుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి 50 డిగ్రీలు దాటిన వేడితో అవుట్‌డోర్ కాయిల్‌కి పంపుతుంది. అక్కడ బయటి గాలికి వేడి అప్పగించి మళ్ళీ ద్రవమవుతుంది. సన్నటి క్యాపిలరీలోంచో ఎక్స్‌పాన్షన్ వాల్వులోంచో దూరి పీడనం పడిపోయి మళ్ళీ లోపలికి వస్తుంది. వేడి దాటాల్సిన గడపలు రెండే, లోపలి కాయిల్, బయటి కాయిల్. రెండు చోట్లా లోహం శుభ్రంగా ఉండాలి, దాని మీదుగా గాలి ధారాళంగా పోవాలి. ఏడాదంతా దుమ్ము పేరుకునేది ఈ రెండు గడపల మీదే. గ్యాస్ మాత్రం మూసిన రాగి గొట్టాల్లో తిరుగుతుంది. అది అరిగేదీ ఖర్చయ్యేదీ కాదు. పెట్రోలులా వాడకంతో తగ్గిపోతుందని జనం అనుకుంటున్నారంటే, ఏటేటా "టాప్ అప్" పేరుతో డబ్బు తీసుకున్న మన వృత్తిలోని వాళ్ళకీ అందులో వాటా ఉంది.

ఒక టన్ను ఏసీ అంటే సుమారు 907 కిలోల మంచును ఒక పగలూ రాత్రిలో కరిగించగలిగే వేడిని మోసే యంత్రం. మంచు దిమ్మలతో చల్లబరిచిన రోజుల నుంచి వచ్చిన కొలత అది. లెక్క వేస్తే 3.5 కిలోవాట్లు. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే టన్నున్నర యంత్రం 5.3 కిలోవాట్ల వేడిని మోయాలి. అందులో ఎంత గాలిని చల్లబరచడానికి పోతుంది, ఎంత గాలిలోని తేమను పిండడానికి పోతుంది అన్నది ఊరిని బట్టి మారుతుంది. ఈ సంగతి తెలియక జరిగే తప్పులు ఎక్కువ కనుక ఇక్కడ కాస్త ఆగుదాం.

1902లో విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం ఆధునిక ఎయిర్ కండిషనింగ్‌కి మూలమైన ఏర్పాటును గీశాడు. అక్కడి సమస్య ఉక్కపోత కాదు. గాలిలో తేమ పెరిగి తగ్గుతుంటే కాగితం సాగి కుంచించుకుపోయేది, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చునేది కాదు. చల్లటి కాయిల్ మీదుగా గాలిని పంపి తేమను నీళ్ళుగా దించేయడమే ఆయన కనిపెట్టిన మార్గం. అంటే ఈ యంత్రం మొదట పుట్టిందే తేమ తీయడానికి.

ఇప్పుడు హైదరాబాదులో ఏప్రిల్ మధ్యాహ్నం ఊహించండి. 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ. ఒక ఘనపు మీటరు గాలిలో నీటి ఆవిరి సుమారు 10 గ్రాములు. అదే సమయానికి విశాఖలో 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే అదే ఘనపు మీటరులో 26 గ్రాములు. హైదరాబాదు గాలి 13 డిగ్రీల దాకా చల్లబడితే తప్ప నీరు వదలదు. విశాఖ గాలి 28 డిగ్రీల దగ్గరే వదలడం మొదలుపెడుతుంది. తలుపు సందుల్లోంచి, కిటికీ అంచుల్లోంచి గదిలోకి చొరబడేది ఆ గాలే. లోపల కాయిల్ 10 డిగ్రీల్లో ఉంది. హైదరాబాదు కాయిల్ దాదాపు పొడిగానే పనిచేస్తుంటే విశాఖ కాయిల్ ధారగా నీరు కారుస్తూ పనిచేస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరి నుంచి ద్రవంగా మారేటప్పుడు సుమారు 2,450 కిలోజౌళ్ళ వేడిని వదులుతుంది. ఆ భారమంతా కాయిల్ మీదే పడుతుంది.

విశాఖలో సముద్రం వైపు తెరుచుకున్న ఒక ఫ్లాట్‌లో ఒక పెద్ద మెకానిక్ తన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడికి ఈ లెక్క చేసి చూపించడం నేను చూశాను. ఏసీని ఫుల్ స్పీడులో పెట్టి ఇరవై నిమిషాలు తలుపు మూయించాడు. ఇండోర్ పైభాగాన గాలి పీల్చుకునే చోట ఒక థర్మామీటరు, గాలి బయటికొచ్చే చోట ఇంకొకటి. పైన 27, కింద 16. కుర్రాడి మొహం చిన్నబోయింది.

"పదకొండే వచ్చింది మామా. హైదరాబాద్‌లో పద్నాలుగు వచ్చేది. గ్యాస్ తక్కువైనట్టుంది."

"ఆగరా. డ్రెయిన్ పైపు కింద మగ్గు పెట్టు ముందు."

లీటరు మగ్గు పాతిక నిమిషాలకు నిండింది. ఆ లెక్కన గంటకు 2.4 లీటర్లు. నీటిని దించడానికే 1.6 కిలోవాట్లు పోయాయన్నమాట. ఇక గాలి సంగతి. ఆ మోడల్ పుస్తకంలో రాసిన ప్రకారం గంటకు 900 ఘనపు మీటర్ల గాలిని తోస్తుంది. అంటే సెకనుకు పావు ఘనపు మీటరు, తూకంలో 290 గ్రాములు. దాన్ని 11 డిగ్రీలు చల్లబరచడానికి 3.2 కిలోవాట్లు. రెండూ కలిపితే 4.8. టన్నున్నర యంత్రానికి చక్కటి పనితనం అది. అంతే గాలి తోసే యంత్రం హైదరాబాదు పొడి గాలిలో 14 డిగ్రీల తేడా చూపించినా లెక్క కడితే 4.1 కిలోవాట్లే వస్తుంది. తక్కువ తేడా చూపించిన విశాఖ యంత్రమే ఎక్కువ వేడి మోసింది. కుర్రాడి మాట విని గ్యాస్ ఎక్కించి ఉంటే బాగా నడుస్తున్న ఏసీ పాడయ్యేది. రెండు థర్మామీటర్లు, ఒక మగ్గు, ఒక కాగితం ముక్క ఉంటే చాలు, ఈ పరీక్ష ఎవరైనా చేయొచ్చు. అయినా చేసేవాళ్ళు తక్కువ. నాకు బాధ కలిగించేది అదే.

లోపల గాలి ఎక్కడ తగ్గుతుందో అందరికీ తెలిసిందే. ఫిల్టరు, దాని వెనక కాయిల్ రేకులు, వాటి వెనక తిరిగే బ్లోయర్. ఫిల్టరు ఇంట్లోవాళ్ళే రెండు వారాలకొకసారి కడుక్కోవచ్చు, దానికి మెకానిక్ అక్కర్లేదు. కాయిల్ రేకుల మధ్య సందు మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర ఉంటుంది. ఫిల్టరు దాటిన సన్న దుమ్ము తడి రేకులకు అంటుకుని, దాని మీద సూక్ష్మజీవులు పెరిగి జిగట పొర కడుతుంది. ఆన్ చేయగానే వచ్చే ముతక వాసన దానిదే. బ్లోయర్ రెక్కల లోపలి వంపుల్లో పేరుకున్న బురద మాత్రం చాలామంది చూడరు. ఆ వంపు పూడిపోతే రెక్క గాలిని కోయలేదు, అదే వేగంతో తిరుగుతూనే తక్కువ గాలి తోస్తుంది. టార్చి వేసి గాలి వచ్చే నోట్లోంచి చూస్తే రెక్కలు నల్లగా కనిపిస్తాయి. కాయిల్ కడిగి బ్లోయర్ వదిలేసిన సర్వీసు సగం సర్వీసే.

కడిగేటప్పుడు ప్రెజర్ పంపు నీటిని రేకులకు ఎదురుగా, నిటారుగా కొట్టాలి. పక్కవాటంగా కొడితే పల్చటి అల్యూమినియం రేకులు వంగి సందులు మూసుకుపోతాయి, మురికి పోయినా గాలి రాదు. తొందరగా తెల్లబడాలని ఘాటైన యాసిడ్ వాడేవాళ్ళున్నారు. తెల్లబడేది నిజమే. రేకుల మీది నీలి పూతతో పాటు అల్యూమినియం కూడా కొంత కరిగిపోవడం వల్లే ఆ తెలుపు. తేలికపాటి కాయిల్ క్లీనర్ వేసి పది నిమిషాలు నాననిచ్చి కడగడం మేలు. డ్రెయిన్ ట్రేలో నీళ్ళు పోసి, పైపు చివర అదే జోరుతో వస్తున్నాయో లేదో చూస్తే వేసవిలో గోడ మీద నీళ్ళు కారుతున్నాయనే ఫిర్యాదు చాలామటుకు తప్పుతుంది.

గాలి తగ్గినా, గ్యాస్ తగ్గినా కాయిల్ మీద మంచు కడుతుంది. పైకి చూస్తే రెండూ ఒకటే. కానీ గేజ్ లేకుండానే వాటిని చాలావరకు విడదీయొచ్చు. మన స్ప్లిట్ ఏసీల్లో ఎక్కువ వాటికి క్యాపిలరీ అవుట్‌డోర్‌లోనే ఉంటుంది. గ్యాస్ తక్కువైతే పీడనం బాగా పడిపోయి క్యాపిలరీ దాటిన చోటే గొట్టం సున్నా కిందికి వెళుతుంది. అవుట్‌డోర్ దగ్గర సన్న పైపు వాల్వు మీద తెల్లగా మంచు పడుతుంది, ఇండోర్ కాయిల్‌లో మొదటి వరసలు గడ్డకట్టి మిగతావి వెచ్చగా ఉంటాయి. గాలి తక్కువైతే లోపల ద్రవం మరగడానికి వేడి దొరక్క కాయిల్ మొత్తం గడ్డకడుతుంది, ఆ చలి లావు పైపు దాకా వచ్చి దాని మీద కూడా మంచు పేరుకుంటుంది. మరగని ద్రవం అలాగే కంప్రెసర్‌లోకి పోతుంది. ద్రవాన్ని నొక్కలేక కంప్రెసర్ దెబ్బతినేది ఇలాగే. మంచు ఏ పైపు మీద ఉందో చూసి ఫిల్టరు వైపు వెళ్ళాలో లీకు వైపు వెళ్ళాలో తేల్చుకోవచ్చు.

బయటి కాయిల్ కష్టం వేరు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో నీడలోనే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ గాలికి వేడి అప్పగించాలంటే కాయిల్ దానికన్నా పది పదిహేను డిగ్రీలు వేడిగా ఉండాలి. కాయిల్ మూసుకుపోతే వేడి పోవడానికి ఇంకా ఎక్కువ తేడా కావాలి. గ్యాస్ ద్రవమయ్యే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే కంప్రెసర్ కరెంటు సుమారు 2 నుంచి 3 శాతం పెరుగుతుంది. ఐదు డిగ్రీలు పెరిగితే బిల్లులో ఆ తేడా కనిపిస్తుంది. బొగ్గు గనుల ఊళ్ళలో నల్ల పొడి, సిమెంటు ఫ్యాక్టరీల చుట్టూ నీరు తగిలితే గట్టిపడే బూడిద రంగు దుమ్ము, పత్తి జిన్నింగ్ మిల్లుల పక్క దుప్పటిలా పరుచుకునే నూగు. వీటికి ఏడాదికొక సర్వీసు చాలదు. నూగును ముందు పొడి బ్రష్‌తో దులపాలి, నీళ్ళు కొడితే రేకుల్లోకి ఇంకా లోతుకు దిగుతుంది.

కడిగి శుభ్రం చేసినా వేడెక్కే అవుట్‌డోర్‌లూ ఉంటాయి. అపార్టుమెంటు ముఖద్వారం అందంగా కనిపించాలని డక్టులోనో ఇనుప జాలీ వెనకో దాన్ని దాచేస్తారు. అది వదిలిన వేడి గాలి బయటికి పోక వెనక్కి తిరిగి దాని కాయిల్‌లోకే వస్తుంది. పరీక్ష తేలిక. కాయిల్ గాలి పీల్చుకునే వెనక వైపు థర్మామీటరు పెట్టి, నీడలో బయటి గాలితో పోల్చాలి. ఐదారు డిగ్రీలు ఎక్కువుంటే అక్కడ ఎంత కడిగినా లాభం లేదు, యూనిట్ స్థలం మార్చాలి. ఇది ఇంటివాళ్ళకి చెప్పడానికి మెకానిక్‌లు మొహమాటపడతారు. చెప్పాలి.

క్లాంప్ మీటరు కూడా గేజ్ కన్నా ముందే చేతిలోకి రావాలి. మామూలు, అంటే ఇన్వర్టర్ కాని ఏసీలో చల్లదనం తక్కువగా ఉండి ఆంపియర్లు నేమ్ ప్లేటు మీద ఉన్నదానికంటే బాగా ఎక్కువుంటే బయటి కాయిల్ మీద, బయటి ఫ్యాను మీద, లేదా మునుపెవరో ఎక్కువ ఎక్కించిన గ్యాస్ మీద అనుమానపడాలి. చల్లదనం తక్కువగా ఉండి ఆంపియర్లూ తక్కువైతేనే గ్యాస్ వైపో అలిసిపోయిన కంప్రెసర్ వైపో చూడాలి. ఇన్వర్టర్ ఏసీల్లో కంప్రెసర్ వేగం నిమిషానికో తీరుగా మారుతుంది కనుక కంపెనీ చెప్పిన టెస్ట్ మోడ్‌లో పెట్టి చూస్తే తప్ప ఆ అంకెకు అర్థం లేదు.

ఇన్ని చూశాక కూడా అనుమానం మిగిలితే అప్పుడు గేజ్. అప్పటికీ గేజ్ ఏం చెబుతుందో ఏం చెప్పదో తెలిసి ఉండాలి. ఏసీ ఆపేసి ఉన్నప్పుడు 30 డిగ్రీల రోజున ఆర్-32 గేజ్ సుమారు 265 పీఎస్ఐ చూపిస్తుంది. లోపల 900 గ్రాములున్నా అంతే, 500 గ్రాములున్నా అంతే. కొంత ద్రవం మిగిలి ఉన్నంతకాలం ఆ పీడనం ఉష్ణోగ్రతను మాత్రమే చెబుతుంది. వంటింట్లో గ్యాస్ బండ చివరి రోజు దాకా మంట ఒకేలా వస్తుంది కదా, ఎంత మిగిలిందో తెలియాలంటే బండను ఎత్తి చూడాల్సిందే. "స్టాండింగ్ ప్రెజర్ బాగుంది" అన్న మాటకి విలువ ఇంతే: లోపల కొంత ద్రవం ఉంది.

నడుస్తున్నప్పటి పీడనమైనా రుతువుతో మారుతుంది. సీజన్ సర్వీసులో అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇక్కడే జరుగుతుంది. ఫిబ్రవరి సాయంత్రం చల్లగా ఉన్నప్పుడు బయటి కాయిల్ 40 డిగ్రీల దగ్గర పనిచేస్తుందనుకోండి, ఆర్-32 హై సైడ్ పీడనం సుమారు 345 పీఎస్ఐ. అదే యంత్రం మే మధ్యాహ్నం 55 డిగ్రీల దగ్గర పనిచేస్తే 495. చల్లటి రోజున లో సైడ్ ముల్లు కూడా కాస్త కిందే ఉంటుంది. మేలో అలవాటైన అంకె కోసం ఫిబ్రవరిలో గ్యాస్ ఎక్కిస్తూ పోతే, అసలు ఎండ వచ్చేసరికి బయటి కాయిల్ సగం ద్రవంతో నిండిపోయి ఉంటుంది. ఆవిరి ద్రవమవడానికి చోటు మిగలదు. పీడనం ఎగబాకి కంప్రెసర్ ట్రిప్ అవుతుంది. మార్చిలో సర్వీసు చేయించుకున్న ఏసీ రోహిణి కార్తెలో మొరాయించిందంటే ఇదొక పెద్ద కారణం. నాకు తెలిసి దీనికి నమ్మకమైన మందు ఒక్కటే, తరాజు. గ్యాస్ తక్కువని తేలితే ఉన్నదాన్ని రికవరీ మెషీన్‌తో వేరే సిలిండర్‌లోకి తీసి, లీకు మూసి, నేమ్ ప్లేటు మీద రాసినన్ని గ్రాములు తూచి ఎక్కించాలి. పైపు పొడవు ఎక్కువుంటే కంపెనీ చెప్పినంత కలపాలి. ఇళ్ళలో వాడే ఆర్-32 యంత్రాల్లో చాలావాటికి పట్టేది కిలో లోపే. అంత కొద్దిలో వంద గ్రాముల తేడా చిన్నది కాదు. గేజ్ తగిలించి తీసిన ప్రతిసారీ గొట్టాల్లో కొన్ని గ్రాములు పోతాయన్నదీ మరిచిపోకూడదు.

గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కన్నం ఉంది. ఎక్కువగా ఫ్లేర్ నట్ దగ్గర. టార్క్ రెంచ్ లేకుండా చేత్తో బిగించిన నట్ వదులుగానైనా ఉంటుంది, రాగి అంచు చితికేంత గట్టిగానైనా ఉంటుంది. సబ్బు నురగ పూసి ఓపిగ్గా చూస్తే బుడగ లేస్తుంది. నూనె మరక ఉన్న చోట ముందు చూడాలి, ఎందుకంటే గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా చెమ్మగా బయటికొస్తుంది. కాయిల్‌లోనే కన్నం పడితే కారణం ఆ ఊరి గాలిలో ఉండొచ్చు. తీరంలో ఉప్పు చెమ్మ అల్యూమినియం రేకుకీ రాగి గొట్టానికీ మధ్య చిన్న బ్యాటరీ లాంటి చర్య నడిపిస్తుంది, రేకు పొడిపొడిగా రాలిపోతుంది. మురుగు నాలా పక్క ఇళ్ళలో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు రాగిని నల్లగా మార్చి తినేస్తుంది. వార్నిషు, కొత్త ప్లైవుడ్, కొన్ని క్లీనర్ల నుంచి వచ్చే ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాల ఆవిరి తేమతో కలిస్తే రాగి గోడలో కంటికి కనబడని వంకర సొరంగాలు తొలుస్తుంది. సముద్రం దగ్గర అవుట్‌డోర్‌ని నెలకోసారి మామూలు మంచినీళ్ళతో తడిపి ఉప్పు దించడం ఇంటివాళ్ళు చేసుకోగల పనే, స్విచ్చి ఆపి మరీ చేయాలి.

గొట్టం ఒకసారి తెరిచాక వ్యాక్యూమ్ తప్పనిసరి. కొంచెం గ్యాస్ వదిలి గాలిని తోసేశాననే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పద్ధతిలో గాలి కొంత పోతుంది గానీ చెమ్మ పోదు. నీరు మామూలు పీడనంలో, అంటే 760 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర, 100 డిగ్రీలకు మరుగుతుంది. పీడనం 32 మిల్లీమీటర్లకు దిగితే 30 డిగ్రీలకే మరుగుతుంది. వ్యాక్యూమ్ పంపు గొట్టాల్లోని చెమ్మను గది ఉష్ణోగ్రత దగ్గరే మరిగించి ఆవిరిగా లాగేస్తుంది. చెమ్మంతా పోయిందని నమ్మాలంటే 500 మైక్రాన్లకు, అంటే అర మిల్లీమీటరుకు దించి, పంపు ఆపాక ముల్లు పైకి లేవకుండా నిలబడుతుందో చూడాలి. మామూలు గేజ్ ముల్లుకి 500 మైక్రాన్లూ 5,000 మైక్రాన్లూ ఒకేచోట కనిపిస్తాయి, మైక్రాన్ గేజ్ విడిగా కొనాల్సిందే. ఆర్-32తో వాడే సింథటిక్ నూనె తేమను ఇట్టే పీల్చుకుంటుంది. కంప్రెసర్ వేడికి ఆ తేమతో ఆమ్లాలు పుట్టి మోటారు చుట్టల ఇన్సులేషన్‌ని తింటాయి. ఈ రోజు పావుగంట మిగిలిందనుకున్న తొందర రెండేళ్ళ తర్వాత కాలిన కంప్రెసర్‌గా తేలుతుంది.

గ్యాస్‌ని గాలిలోకి వదలడం ఇంకో రకంగానూ తప్పే. ఒక కిలో ఆర్-32 వందేళ్ళ లెక్కలో 675 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత భూమిని వేడెక్కిస్తుంది, ఆర్-410ఎ అయితే 2,088 కిలోలంత. పాత ఆర్-22 వేడితో పాటు ఓజోన్ పొరకీ హాని చేస్తుంది. 1987 మాంట్రియల్ ఒప్పందం కింద ఆ తరగతి వాయువులను మన దేశం కొత్త యంత్రాల తయారీలో 2025 జనవరి 1 నుంచి ఆపింది. వేడెక్కించే వాయువులను తగ్గించే కిగాలి సవరణకు 2021లో ఆమోదం తెలిపింది. ఈ ఒప్పందాలకు ఢిల్లీ ఆమోదం తెలిపినా అవి అమలయ్యేది మెకానిక్ చేతుల్లో, సజ్జ మీద. 700 గ్రాముల ఆర్-32 వదిలేస్తే సుమారు 470 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటుకి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, అది 670 యూనిట్లు వృథా చేసినదానితో సమానం.

కరెంటు వైపు చూడాల్సినవి తక్కువే, కానీ ఇల్లు తగలబెట్టగలిగేవి అవే. టెర్మినల్ స్క్రూ వదులై అక్కడ అర ఓమ్ నిరోధం చేరిందనుకోండి, 8 ఆంపియర్ల దగ్గర ఆ స్క్రూ తల అంత చోటులోనే 32 వాట్ల వేడి పుడుతుంది. తీగ మీది ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి పెళుసుబారితే అదే గుర్తు. కొస కత్తిరించి కొత్త లగ్ వేయాలి, ఉన్నదాన్ని బిగించి వదలకూడదు. కెపాసిటర్‌ని మైక్రోఫారడ్ మీటరుతో కొలవాలి. పైన రాసినదానికంటే 5 శాతం మించి తగ్గితే మే వడగాల్పుల్లో అది నిలవదు, ముందే మార్చడం మంచిది. ఇన్వర్టర్ బోర్డులో 230 వోల్టుల ఏసీ కరెంటు డీసీగా మారి 325 వోల్టుల దాకా కెపాసిటర్లలో నిల్వ ఉంటుంది. ప్లగ్గు తీసినా కొన్ని నిమిషాలు అలాగే ఉంటుంది. మీటరు పెట్టి దిగిందని చూసుకున్నాకే వేలు పెట్టాలి. చలికాలమంతా వెచ్చగా ఉంటుందని పీసీబీ దగ్గర చేరిన బల్లులూ చీమలూ వేసవిలో మొదటిసారి ఆన్ చేయగానే బోర్డును షార్ట్ చేస్తాయి. వైర్లు లోపలికి వెళ్ళే కన్నాన్ని మూయడానికి రెండు నిమిషాలు చాలు, బోర్డు మార్చాలంటే వేలల్లో ఖర్చు.

ఇక మెకానిక్ ప్రాణం సంగతి. ఆర్-32 నెమ్మదిగానైనా మండే వాయువు. కొన్ని కంపెనీల ఏసీల్లో వాడే ఆర్-290 అచ్చంగా ప్రొపేన్. వెల్డింగ్ మంట వెలిగించే ముందు గ్యాస్ పూర్తిగా తీసి నైట్రోజన్‌తో గొట్టాలు ఊదాలి. లీకు పరీక్షకు నైట్రోజన్ తప్ప ఇంకేదీ ఎక్కించకూడదు, ముఖ్యంగా ఆక్సిజన్. కంప్రెసర్ నూనె మీద పీడనంతో ఆక్సిజన్ పడితే పేలుతుంది. పిల్లల పరీక్షలయ్యాక ఇళ్ళు మారే మే, జూన్ నెలల్లో పంప్ డౌన్‌లు ఎక్కువ. గ్యాస్ అంతా అవుట్‌డోర్‌లోకి లాగాక కంప్రెసర్ ఆపకుండా పైపు విప్పితే బయటి గాలి లోపలికి దూరుతుంది. గాలీ నూనె ఆవిరీ కలిసి ఆ పీడనంలో వేడెక్కి, డీజిల్ ఇంజన్ సిలిండర్‌లో మండినట్టే మండి, ఇనుప డబ్బా చీలిపోతుంది. రెండు వాల్వులూ మూసి, కంప్రెసర్ ఆపి, ఆ తర్వాతే నట్ మీద స్పానర్ పెట్టాలి. లీకున్న యంత్రాన్ని పంప్ డౌన్ చేయనే కూడదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఎత్తు. నాలుగో అంతస్తు సజ్జ మీద ఒక కాలు, కిటికీ చువ్వ పట్టుకుని ఒక చెయ్యి, రెండో చేతిలో ఫ్యాను ప్యానెలో సిలిండరో. ఈ దృశ్యం మన నగరాల్లో ఎంత మామూలైపోయిందంటే కింద నిలబడి చూసేవాళ్ళు కూడా తల తిప్పుకోరు. ఫుల్ బాడీ బెల్టు, దాన్ని కట్టుకోవడానికి గోడలో గట్టి హుక్కు, కింద తాడు పట్టుకోవడానికి ఇంకో మనిషి. ఈ మూడూ లేని చోట పని ఒప్పుకోకూడదు. ఇంటివాళ్ళు తొందరపెడితే "బెల్టు లేనిదే ఎక్కనండి, రేపు వస్తాను" అనే మాట నోటికి రావాలి. అవుట్‌డోర్ బిగించే రోజునే చేతికందే చోట బిగిస్తే తర్వాత పదేళ్ళ పాటు ఎవరూ సజ్జ ఎక్కనక్కర్లేదు. మే నెలలో డాబా మీది పనులు పదకొండు లోపు ముగించి, మిగతావి సాయంత్రానికి వేసుకోవాలి. వడదెబ్బ మెకానిక్‌ని వదలదు.

పనయ్యాక అవుట్‌డోర్ ప్యానెల్ లోపలి వైపు ఒక కార్డు అతికించే అలవాటు చేసుకోమని నా విన్నపం. తేదీ, బయటి ఉష్ణోగ్రత, గాలి పీల్చే చోటా వదిలే చోటా రెండు అంకెలు, ఆంపియర్లు, గ్యాస్ ఎక్కించి ఉంటే ఎన్ని గ్రాములు, ఏ జాయింటు మూశాం. వచ్చే ఫిబ్రవరిలో ఇంకో మెకానిక్ వచ్చి ఇంచుమించు అదే వాతావరణంలో అవే అంకెలు కొలిస్తే ఏడాదిలో ఏం మారిందో ఆ కార్డే చెబుతుంది. ఆంపియర్లు పెరిగి గాలి తేడా తగ్గితే బయటి కాయిల్ కడగడంతో మొదలుపెట్టాలి, రెండూ తగ్గితే సబ్బు నురగ తీయాలి. ఏమీ మారకపోతే ఫిల్టరూ డ్రెయినూ కడిగి సర్వీసు డబ్బులు మాత్రమే తీసుకుని రావాలి.